నీలం చుక్క పెట్టిన ఆరు టిన్నులు

పలాస దగ్గరి ఒక ఊరి నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమె పదిహేనేళ్ళు కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలకి కూలికి వెళ్ళారు. పప్పు మీద పొర తీయడం, సైజుల వారీగా ఏరడం ఆమె పని. నాలుగేళ్ళ కిందట బ్యాంకు అప్పు తీసుకుని ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంత యూనిట్ పెట్టుకున్నారు. అప్పు కోసమని అప్పుడే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు) కూడా చేయించారు. మొన్న దసరాకి ముందు, విజయనగరంలో కిరాణా హోల్‌సేల్ షాపు ఉన్న ఆడపడుచు భర్త ఫోన్ చేశారు. "దసరా, సిరిమాను, దీపావళి వరసగా ఉన్నాయి. 320 నంబరు పప్పు ముప్ఫై టిన్నులు కావాలమ్మా" అన్నారు. టిన్ను పది కిలోలు, కిలో 780 రూపాయలు. మేనల్లుడి చేతికి అరకిలో శాంపిల్ ఇచ్చి పంపితే, చూసి, "ఇదే సరుకు పంపించండి" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. ఫోన్‌పేలో యాభై వేలు వేశారు. మిగతాది సరుకు అందిన పదిహేను రోజుల్లో ఇస్తామన్నారు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. దసరాకి పన్నెండు రోజుల ముందు, ఆయనే పంపిన వ్యానులో సరుకు వెళ్ళింది.

పదో రోజున ఆయన మెసేజ్ పెట్టి, ఇంకో పది టిన్నులు దొరుకుతాయా అని అడిగారు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ అయిన రెండో రోజున, అంటే సరుకు అందిన పంతొమ్మిదో రోజున, మాట మారిపోయింది. "పప్పు మెత్తబడింది, సైజు కూడా తక్కువ. పద్నాలుగు టిన్నులు ఎలాగో అమ్మాను. మిగతా పదహారు వచ్చి పట్టుకుపోండి. నా యాభై వేలు వెనక్కివ్వండి. మీ సరుకు వల్ల ఒక స్వీట్ షాపు ఖాతా పోయింది, దానికి లక్ష మీరే కట్టాలి" అని మెసేజ్ వచ్చింది.

భర్త పోలీసు కేసు పెడదామంటున్నారు. అత్తగారు "ఇంటల్లుడి మీద కేసేమిటి, ఇది ఇంట్లో మాట" అంటున్నారు. జీడి పిక్కలు కొనడానికి కుదువ పెట్టిన గొలుసు మీద వడ్డీ నడుస్తోంది. చివరి పేజీలో ఆమె ఇంకో సంగతి రాశారు. ఆర్డరుకి ఆరు టిన్నులు తక్కువ పడితే పక్క యూనిట్ నుంచి పప్పు తెచ్చి నింపారట. అది 400 నంబరు, అంటే 320 కన్నా చిన్న పప్పు. పైగా ఇంకొంచెం ఆరాల్సి ఉంది. టైము లేక సీలు వేసేశారు. తనకి గుర్తుండాలని ఆ ఆరు మూతల మీద నీలం మార్కర్‌తో చుక్క పెట్టారు. ఈ సంగతి భర్తకి కూడా తెలీదు. "కాగితం లేదు, తప్పు నాది కూడా ఉంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నాకు రావాల్సింది ఏమైనా ఉందా?" అని అడిగారు.

అమ్మా, ఉంది. ముందు లెక్క చూద్దాం. ఉత్తరంలో మీ భయాలన్నీ రాశారు గానీ ఈ లెక్క ఎక్కడా వేసుకోలేదు.

మూడు వందల కిలోలు, కిలో 780 చొప్పున 2,34,000 రూపాయలు. అందింది 50,000. బాకీ 1,84,000. ఇప్పుడు ఆయన మాటనే తీసుకోండి. అమ్ముకున్నానని ఆయనే చెప్పిన పద్నాలుగు టిన్నుల ఖరీదు 1,09,200. మిగతా పదహారూ వెనక్కి వచ్చేసినా సరే, అడ్వాన్సు పోను ఆయన మీకు 59,200 ఇవ్వాలి. యాభై వేలు తిరిగి ఇమ్మనే మాట ఈ లెక్క ముందు నిలబడదు. మీరు పోగొట్టుకోగలిగేది ఎంత అన్నది ఆ ఆరు టిన్నులతో ముడిపడి ఉంది. వాటి పూర్తి ఖరీదు 46,800. ఆ ఆరింటికీ పైసా రాదనుకున్నా బాకీ 1,37,200 నిలుస్తుంది. కాబట్టి మీ గొడవ నిజానికి ఈ 46,800 చుట్టూ ఉంది. మీరేమో మొత్తం పోయిందనుకుని కుమిలిపోతున్నారు.

కాగితం లేదన్న బెంగ వదిలేయండి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, బేరం రాతపూర్వకంగానైనా నోటిమాటగానైనా కుదరవచ్చని నేరుగా చెబుతుంది. దానికి తల్లిలాంటి 1872 నాటి కాంట్రాక్టు చట్టం అడిగేవి వేరు. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా, ఇద్దరికీ ఒప్పందం చేసుకునే వయసూ తెలివీ ఉన్నాయా, ఇచ్చిపుచ్చుకునేది ఏమైనా ఉందా, ఆ పని చట్టానికి విరుద్ధం కాదు కదా. మీ బేరంలో ఇవన్నీ ఉన్నాయి. ఏ సరుకు, ఎంత, ఏ ధర, ఎప్పటికి డబ్బు అన్నవి కూడా తేలిపోయాయి. పలాసలో రోజూ లక్షల సరుకు ఇలా నోటిమాట మీదే చేతులు మారుతుంది కదా, అదంతా చట్టం బయట జరుగుతోందని అనుకోకండి.

కాగితం రుజువు కోసం కావాలి. మీ దగ్గర రుజువు లేకపోలేదు. శాంపిల్ చూసి ఆయన పెట్టిన వాయిస్ మెసేజ్, యాభై వేల ఫోన్‌పే, వ్యాను డ్రైవరు, "ఇంకో పది టిన్నులు" అన్న మెసేజ్, ఆఖరికి తిట్టిన మెసేజ్ కూడా మీకు రుజువే. పద్నాలుగు అమ్మానని ఆయనే రాశారు కదా. వీటిలో ఏదీ డిలీట్ చేయకండి. ఫోను మార్చకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో చోట దాచుకోండి, కానీ అసలు ఫోను అసలుదే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం ప్రకారం ఇలాంటి మెసేజ్‌లు కోర్టులో పెట్టాలంటే వాటితో పాటు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అది మీ వకీలు తయారు చేయిస్తారు.

అత్తగారు అన్న "ఇంట్లో మాట" గురించి. ఇంట్లో వాళ్ళు ప్రేమ కొద్దీ ఇచ్చిపుచ్చుకునే మాటల్ని కోర్టులు సాధారణంగా ఒప్పందాలుగా చూడవు, అది నిజమే. ఆయన పండక్కి వచ్చినప్పుడు ఆడపడుచు పిల్లలకి కిలో పప్పు ఇస్తానని మీరు అని, ఇవ్వలేదనుకోండి, దాని మీద కేసు ఉండదు. కానీ ధర చెప్పి, శాంపిల్ చూసి, అడ్వాన్సు వేసి, షాపులో అమ్ముకోవడానికి మూడు వందల కిలోలు తెప్పించుకోవడం వ్యాపారం. చుట్టరికం ఉన్నంత మాత్రాన అది ఇంట్లో మాట అయిపోదు. అత్తగారి బాధ నాకు అర్థమవుతుంది, కూతురి కాపురం గురించి ఆమె భయం. ఆ భయానికి జవాబు మీ డబ్బు వదులుకోవడం మాత్రం కాదు.

ఇప్పుడు ఆ ఆరు టిన్నుల దగ్గరికి వస్తాను. ఇక్కడ మీకు ఇష్టం లేని మాట చెప్పాలి.

మీరు ఆయనకి రెండు హామీలు ఇచ్చారు. ఒకటి "320 నంబరు" అన్న పేరు. రెండోది మేనల్లుడి చేతికి ఇచ్చిన అరకిలో. శాంపిల్ చూపించి, పేరు కూడా చెప్పి అమ్మితే సరుకు ఆ రెండింటికీ సరిపోవాలి, ఒక్కదానికి సరిపోతే చాలదు. కొన్నవాడికి సరుకును శాంపిల్‌తో పోల్చి చూసుకునే అవకాశం ఉండాలి. పైకి చూస్తే తెలియని లోపం ఏదీ లోపల ఉండకూడదు. సీలు వేసిన టిన్నులో ఆరని పప్పు సరిగ్గా అలాంటి లోపమే. నంబరు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, పదిహేనేళ్ళు ఏరిన చెయ్యి మీది. ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. 320 అంటే ఒక పౌను, అంటే 454 గ్రాములు తూచి లెక్కపెడితే మూడు వందల నుంచి మూడు వందల ఇరవై పప్పులు రావాలి. 400 నంబరైతే మూడు వందల యాభై నుంచి నాలుగు వందల దాకా వస్తాయి. నంబరు పెరిగే కొద్దీ పప్పు చిన్నది. కాబట్టి ఆ ఆరు టిన్నుల మటుకు మీరు మాట తప్పారు. తెలిసి తప్పారు. చెప్పకుండా పంపడం ఇంకా పెద్ద పొరపాటు. "ఆరు టిన్నులు తక్కువయ్యాయి అన్నయ్య గారూ, 400 నంబరు ఉంది, ఇవ్వమంటారా" అని ఒక్క ఫోన్ చేసి ఉంటే ధర తగ్గించి ఆయనే తీసుకునేవారేమో.

అయితే ఆరింటి తప్పు ముప్ఫైకి అంటుకుంటుందా? ఇక్కడ చట్టం చాలా జాగ్రత్తగా నడుస్తుంది. అమ్మకంలో ఇచ్చే హామీలు రెండు రకాలని అంటుంది. బేరానికి ప్రాణం లాంటి హామీ తప్పితే, కొన్నవాడు సరుకు మొత్తం వద్దనవచ్చు. పక్కన ఉండే చిన్న హామీ తప్పితే సరుకు ఉంచుకుని నష్టం మాత్రం అడగాలి. పేరుకి, శాంపిల్‌కి సరిపోవడం మొదటి రకం. అంటే సరుకు దిగిన రోజునో, నాలుగు రోజుల్లోనో ఆయన టిన్నులు విప్పి చూసి "వద్దు" అని ఉంటే ఆయన చెయ్యి పైన ఉండేది. వేరే రకం కలిసిందని ఆ ఆరు వెనక్కి పంపడమే కాదు, మొత్తం తిప్పి పంపే వీలు కూడా ఉండేది.

కానీ ఆయన అలా చేయలేదు. సరుకు స్వీకరించినట్టు ఎప్పుడు లెక్క అంటే, సరే అని చెప్పినప్పుడు, లేదా సొంతదారు లాగా దాన్ని వాడుకున్నప్పుడు, లేదా తగినంత కాలం గడిచినా వద్దని చెప్పకుండా దగ్గర పెట్టుకున్నప్పుడు. ఆయన ఈ మూడూ చేశారు. పద్నాలుగు టిన్నులు అమ్మారు. పంతొమ్మిది రోజులు ఉంచుకున్నారు, అదీ పండగ అమ్మకాలు జోరుగా ఉన్న రోజుల్లో. పదో రోజున ఇంకా కావాలని అడిగారు. ఒకే బేరంగా కుదిరిన సరుకులో కొంత స్వీకరించాక, తప్పిన హామీ ఎంత పెద్దదైనా దాన్ని చిన్న హామీ కిందే చూడాలి. సరుకు తిప్పి పంపే దారి మూసుకుపోయి, ధరలో తగ్గింపు అడిగే దారి మిగులుతుంది. ఆయన వకీలు ఆ ఆరు టిన్నుల వరకు "ఇది వేరే రకం, వీటిని స్వీకరించలేదు" అని వాదించవచ్చు. ఆ వాదనలో పస ఉంది. మిగతా ఇరవై నాలుగింటి మీద ఆయనకి గట్టి పట్టు నాకు కనబడటం లేదు.

పప్పు మెత్తబడిందన్న మాట ఏ టిన్నుల గురించి? ఇది చూడకుండా తేలదు. దారిలో వాన తగిలిందా, షాపులో మూతలు తీసి ఉంచారా, మీ దగ్గరే ఆరలేదా అన్నవి వేరు వేరు. ఆయన పంపిన వ్యానులోకి ఎక్కాక, శాంపిల్‌కి సరిపోయే సరుకు ఆయనది అయిపోయినట్టే. దారిలో ఏమైనా అయితే ఆ నష్టం మామూలుగా ఆయనదే. ఆరని సరుకు విషయంలో మాత్రం ఈ మాట మీకు పనికిరాదు. లోపం ఎక్కించకముందే ఉంది.

ఆ లక్ష రూపాయల గురించి. మాట తప్పినవాళ్ళు ఏ నష్టం కట్టాలన్న దానికి పాత కథ ఒకటుంది. ఇంగ్లండులో గ్లోస్టర్ అనే ఊళ్ళో ఒక పిండిమరకి ఇరుసు విరిగింది. కొత్తది చేయించడానికి విరిగినదాన్ని నమూనాగా పంపితే, రవాణావాళ్ళు ఆలస్యం చేశారు. మర అన్నాళ్ళూ ఆగిపోయింది, ఆ లాభమంతా కట్టమని మరవాళ్ళు దావా వేశారు. 1854లో కోర్టు ఒప్పుకోలేదు. ఆ ఇరుసు రాకపోతే మర ఆగిపోతుందని రవాణావాళ్ళకి తెలీదు కదా అంది. మన కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కూడా ఇదే దారిలో ఉంటుంది. మాట తప్పడం వల్ల మామూలుగా వచ్చే నష్టం, లేదా బేరం నాడే ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే అడగాలి. ఫలానా స్వీట్ షాపుకి ఈ పప్పు వెళ్తుందని, తేడా వస్తే ఖాతా పోతుందని ఆయన మీకు ముందు చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. చెప్పి ఉన్నా, లక్ష ఎలా అయ్యిందో బిల్లులతో చూపించాల్సింది ఆయనే. నష్టం పెరగకుండా ఆయన తన వంతు చేశారా అన్నది కూడా చూస్తారు. అంచేత లక్ష అన్న మాటకి జడిసి ఏమీ ఒప్పుకోకండి.

పోలీసు కేసు వద్దనే నా అభిప్రాయం. మీ ఆయన కోపం న్యాయమైనదే. కానీ మోసం నేరం కావాలంటే బేరం కుదిరిన రోజునే ఎగ్గొట్టాలన్న దురుద్దేశం ఉండాలి. శాంపిల్ చూసి, అడ్వాన్సు వేసి, మళ్ళీ సరుకు కావాలన్న మనిషి మీద అది రుజువు చేయలేరు. డబ్బు ఇవ్వకపోవడం చాలావరకు సివిల్ తగాదాయే. పైగా స్టేషన్లో మొదట బయటపడేది నీలం చుక్కల సంగతి. అప్పుడు మోసం అన్న మాట మీ వైపు తిరుగుతుంది.

మరి ఏం చేయవచ్చు?

వెళ్ళి పదహారు టిన్నులూ తెచ్చేసుకుని అమ్ముకోవడం మీకు తేలికగా కనిపిస్తూ ఉండవచ్చు. తొందరపడకండి. మాట్లాడకుండా తెచ్చుకుంటే, బేరం రద్దుకి మీరూ ఒప్పుకున్నట్టు రేపు ఆయన చెప్పగలరు. దసరా ధర ఇప్పుడు రాకపోతే ఆ తేడా కూడా మీ మీద పడుతుంది. తెచ్చుకోవాల్సి వస్తే ఎన్ని టిన్నులు, ఎన్ని కిలోలు, ఏ స్థితిలో ఉన్నాయో రాసి, "మిగతా బాకీ మీద హక్కు వదులుకోకుండా తీసుకుంటున్నాం" అని ఇద్దరూ సంతకాలు చేశాకే బండి ఎక్కించండి. మధ్యేమార్గం ఒకటుంది. నీలం చుక్క ఉన్నవాటిలో మిగిలినవి మాత్రం వెనక్కి తీసుకోవడం.

కూర్చుని మాట్లాడుకోవడమే నాకు అన్నిటికన్నా నచ్చిన దారి, కానీ కాటాతో కూర్చోండి. ఇద్దరికీ ఇష్టమైన పెద్దమనిషి ఎదురుగా పదహారు టిన్నులూ విప్పి, ఒక్కోదాంట్లోంచి 454 గ్రాములు తూచి లెక్కపెట్టండి. మెత్తబడిందో లేదో వేళ్ళ మధ్య విరిచి చూస్తే మీ ఇద్దరికీ తెలిసిపోతుంది. సైజు తేడా ఒక్కటే అయితే తగ్గాల్సింది చాలా చిన్నది. 320కి, 400కి కిలోకి నలభై తేడా అని మీరే రాశారు, అరవై కిలోలకి 2,400 రూపాయలు. పాడైతే ఆ టిన్ను ఖరీదంతా పోతుంది. ఈ చివర నుంచి ఆ చివరకి, 1,37,200 నుంచి 1,81,600 మధ్య ఎక్కడో తెగాలి. తేలిన మొత్తం, ఇచ్చే తేదీలు రాయించి ఆయన సంతకం తీసుకోండి. అలా రాసిచ్చిన రోజు నుంచి గడువు మళ్ళీ మొదలవుతుంది. సరుకు బాకీకి దావా వేయడానికి మూడేళ్ళు గడువు, మీ విషయంలో ఆయన ఇస్తానన్న పదిహేను రోజులు ముగిసిన నాటి నుంచి. బంధువులు కదా అని వాయిదాలు వేసుకుంటూ ఈ మూడేళ్ళు దాటించుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

ఆయన కూర్చోకపోతే, శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించవచ్చు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అత్తగారికి కూడా ఈ దారి మింగుడుపడుతుంది, ఎందుకంటే ఒకరు గెలిచి ఒకరు ఓడడం ఉండదు. ఇబ్బంది ఏమిటంటే ఆయన రాకపోతే అక్కడ బలవంతం చేయలేరు.

మీ చేతిలో ఇంకో బలమైన ఆయుధం ఉంది, మీరు గమనించినట్టు లేరు. అదే ఆ ఉద్యమ్ రిజిస్ట్రేషన్. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, మీలాంటివాళ్ళ సరుకు కొన్నవాళ్ళు ఒప్పుకున్న తేదీకి డబ్బు ఇవ్వాలి, ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లో నలభై అయిదు రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. సరుకు మీద అభ్యంతరం ఉంటే అందిన పదిహేను రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే స్వీకరించినట్టే. ఆయన మెసేజ్ పంతొమ్మిదో రోజున వచ్చింది. బేరానికి ముందే మీకు రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి, ఇలాంటి బాకీల కోసమే ఆ చట్టం కింద ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టవచ్చు. కౌన్సిల్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే మధ్యవర్తి తీర్పు వస్తుంది. ఆ తీర్పు మీద ఆయన కోర్టుకి వెళ్ళాలంటే తీర్పులో తేలిన మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. ఇంత బలం ఉన్నది కాబట్టే జాగ్రత్తగా వాడమంటున్నాను. చక్రవడ్డీ నోటీసు వెళ్ళాక విజయనగరం ఇంట్లో మీ ఆడపడుచు ఏ పక్కన నిలబడాలి? దీన్ని ఆఖరి మెట్టుగా ఉంచుకోండి, కానీ ఉందని ఆయనకి తెలియనివ్వండి. మామూలు సివిల్ దావా కూడా వేయవచ్చు, మీ మొత్తం మూడు లక్షల లోపే కాబట్టి వాణిజ్య కోర్టు తతంగం ఉండదు. కాకపోతే ఏళ్ళు పడుతుంది, మీ గొలుసు వడ్డీ అన్నాళ్ళు ఆగదు.

ఏ దారి పట్టినా ఆరు టిన్నుల సంగతి మీరే ముందు చెప్పండి. అది మీకు వ్యతిరేకంగా రుజువు అవుతుంది, నిజమే. కానీ చుక్కలు మూతల మీదే ఉన్నాయి, ఎవరో ఒకరు చూస్తారు. అప్పుడు మిగతా ఇరవై నాలుగు టిన్నుల మీద మీరు చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. మీరే చెబితే దాని ఖరీదు 46,800కి మించదు. ఇలా రాయవచ్చు, పంపే ముందు న్యాయ సేవల వకీలుకి ఒకసారి చూపించండి:

"అన్నయ్య గారూ, సరుకు 300 కిలోలు, మొత్తం 2,34,000. మీరిచ్చింది 50,000. ఆరు టిన్నుల్లో నేను వేరే సరుకు నింపాను, వాటి మూతల మీద నీలం చుక్క ఉంటుంది. మీకు చెప్పకపోవడం నా తప్పు. మిగతా ఇరవై నాలుగు మీరు చూసిన శాంపిల్ సరుకే. ఆదివారం మేమిద్దరం కాటా పట్టుకుని వస్తాం. మీ ఎదురుగానే విప్పి లెక్కపెడదాం. ఆ ఆరింటికి ఎంత తగ్గించాలో తేల్చుకుని, మిగతా డబ్బు ఎప్పటికి ఇస్తారో రాసివ్వండి."

ఆదివారం ఆ కాటా పట్టుకునేది మీ ఆయన. ఆ నీలం చుక్కలు ఆయన మొదటిసారి విజయనగరంలో, బావగారి షాపులో, నలుగురి ముందు చూడకూడదు. ఈ మెసేజ్ పంపడానికి ముందు రోజు రాత్రి, పిల్లలు పడుకున్నాక, ఇంట్లోనే ఆయనకి చెప్పండి.